సమస్య: ఎర్రజెండ గాంచి యెద్దు నవ్వె

నిర్వాహకుడు (బెజవాడ):
మే డే రోజు ఏలూరు రోడ్డులో ఊరేగింపు పోతుంటే పక్కకు ఆపిన ఒంటెద్దు బండి కనబడింది. ఎద్దు తలెత్తి జెండా వైపే చూస్తోంది. ఇంటికొచ్చేదాకా ఈ పాదం నన్ను వదల్లేదు. ఉద్యమ పాటల్లో జెండా, కాడి, కొడవలి అరిగిపోయేలా వాడేశాం, ఇదే చివరి పాదంగా పై మూడు పాదాలు మీరు పూరించి వాటికి మళ్లీ ప్రాణం పోయండి.

కృష్ణలంక కలం:
బండి నెక్కి వచ్చి బక్కరైతుకొరకు
నేత వగచుచుండ నీరు గార్చి
కాడి మెడను మోయు కష్టమెవరిదంచు
ఎర్రజెండ గాంచి యెద్దు నవ్వె

అరండల్‌పేట మాస్టారు:
మూడో పాదం చాలా బాగుంది, అక్కడ ఎద్దూ రైతూ ఒకటైపోయారు. కానీ తమ్ముడూ, ‘నేత’ అనేశాక ఇంక అన్యాపదేశం, అంటే ఒకటి చెప్పి వేరొకటి స్ఫురింపజేయడం, ఎక్కడిది? అంతా వాచ్యమైపోయింది. కిందటిసారి గద్ద పూరణలోనూ ఇదే చేశావు. మూడు పాదాలు గద్దనీ కోడిపిల్లనీ కళ్లకు కట్టించి, చివర్లో ‘దొర’ అని అర్థం నువ్వే రాసిపెట్టావు.

కృష్ణలంక కలం:
ఆ గద్దని ఇంకా వదల్లేదా మాస్టారూ? పాట అంటే నలుగురిలో పాడేది, కూర్చుని విప్పుకునే టైం ఎవరికీ ఉండదు. గరిమెళ్ల సత్యనారాయణ గారు ‘మాకొద్దీ తెల్లదొరతనము’ పాటలో నేరుగానే అన్నారు. జనం పాడారు, ఆయన్ని జైల్లో పెట్టారు.

కొత్తపేట అక్క (గుంటూరు):
నేరుగా అన్న మాట నిజమే, కానీ ఆ పాటలో నాకు గుచ్చుకునేది ఉప్పు. 1930 ఉప్పు సత్యాగ్రహం ఇంకా రాకముందే, ముట్టుకుంటే దోషమన్న ఉప్పుని పాటలోకి తెచ్చి పరాయి పాలనని వంటింటి డబ్బాలో చూపించారాయన. మన వినుకొండ జాషువా గారు కూడా అంతే. 1941లో ‘గబ్బిలం’ కావ్యంలో, పాత కవులు పంపిన హంసనీ మేఘాన్నీ కాదని గబ్బిలాన్ని రాయబారం పంపారు, ఎందుకంటే గుడి గడప తొక్కనివ్వని మనిషి గోడు శివుడి చెవిన వేయాలంటే ఆ గుడిలోనే తలకిందులుగా వేలాడే ప్రాణి కావాలి. ముందు అది నిజం గబ్బిలం, ఆ తర్వాతే ప్రతీక. ఆ దారిలోనే నా ప్రయత్నం:

మండుటెండ లోన మిర్చిబండిని లాగి
గేటు ముందు నాగె కీళ్లు నొచ్చి
కాస్త నీడ దొరికె కాడి కిందకు దించ
ఎర్రజెండ గాంచి యెద్దు నవ్వె

అరండల్‌పేట మాస్టారు:
రైల్వే గేటు! ఊరేగింపు జెండా కాస్తా గేట్‌మన్ చేతిలోకి వెళ్లిపోయింది. కష్టజీవికి ఎరుపంటే కాసేపు విశ్రాంతి అని ఎక్కడా అనకుండానే చెప్పారమ్మా.

కృష్ణలంక కలం:
పూరణ నాకూ నచ్చింది అక్కా. కానీ మొదటి పాదంలో మ-మి యతి చెల్లదు, పాదం మొదటి అక్షరంతో మధ్య అక్షరం జత కుదరలేదు. ఇదే నేను చేసుంటే మాస్టారు ముందు దాన్నే పట్టుకునేవారు. ‘మిర్చిబండి లాగి మిట్టమధ్యాహ్నాన’ అంటే సరిపోతుంది.

కొత్తపేట అక్క:
తప్పే తమ్ముడూ, నీ సవరణే ఉంచుతున్నా. ‘మండుటెండ’ మాట మీద ఇష్టంతో చూసుకోలేదు. యార్డుకి మిర్చి తోలే రోజుల్లో గేటు పడగానే నాన్న ముందు కాడి దించేవాడు. ఎద్దు మెడ మీద కాయకట్టిన చోట తడిగుడ్డ వేసి, రైలు వెళ్లేదాకా చేత్తో అదిమి పట్టుకునేవాడు. నాకు ఆ ‘కాడి’ పాదం అక్కడినుంచే వచ్చింది.

కృష్ణలంక కలం:
అక్క మాట చదివాక నా రెండో పాదం మార్చేశా మాస్టారూ: ‘నిలిచి వగచుచుండ నీరు గార్చి’. ‘నేత’ తీసేశాను.

అరండల్‌పేట మాస్టారు:
ఇప్పుడు చదువు, ఎవరో చెప్పకపోయినా తెలిసిపోతున్నాడు. ఆ గద్ద పూరణ కూడా ఒకసారి బయటికి తియ్యి.