అన్నకు నీలం, చెల్లికి గులాబీ: పిలకాయల గదికి మధ్యలో గీత గీయాలా?

ఎంఆర్‌పల్లి అమ్మ:

మాది తిరుపతి. ఎంఆర్‌పల్లిలో రెండు పడకగదుల ఇల్లు. బాబుకు ఎనిమిదేళ్లు నిండాయి, పాపకు ఐదు. ఇన్నాళ్లూ నలుగురం ఒకే గదిలో కింద పరుపులు వేసుకుని పడుకున్నాం. ఈ వేసవి సెలవుల్లో వెనక గది ఖాళీ చేసి ఇద్దరికీ ఇచ్చేద్దామని అనుకున్నాం. గది పొడవు పదకొండు అడుగులు, వెడల్పు పది. పడమటి వైపు ఒకటే కిటికీ, ఒక గోడకు కడప బండ అరలు, మధ్యలో ఫ్యాను. ఖర్చు పాతిక వేలు దాటకూడదు.

గొడవ ఎక్కడొచ్చిందంటే, మా ఆయన ఆఫీసులో ఒకరింటికి వెళ్లి అక్కడ చూసి వచ్చారు: సగం గది లేత నీలం, సగం గులాబీ, మధ్యలో తెల్ల గీత. మనకూ అదే కావాలంటున్నారు. రెండు రోజుల పని అని పెయింటర్ కూడా తలూపేశాడు. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. మా పాపకు గులాబీ ఇష్టమని ఎవరు చెప్పారు? దానికి రైళ్లంటే ప్రాణం. రేణిగుంటలో మా అమ్మ వాళ్లింటికి పోతే చాలు, రైలు కూత వినగానే అన్నం పళ్లెం వదిలేసి మిద్దె మీదికి పరుగెడుతుంది. బాబేమో పిట్టల బొమ్మలు గీసుకుంటూ గంటలు గంటలు కూర్చుంటాడు, వాడికి నీలం గోడ ఇచ్చి కార్ల స్టిక్కర్లు అంటిస్తే ఏం ఒరుగుతుంది?

గోడలన్నీ ఒకే రంగు ఉండనీ అంటాను నేను. ఇద్దరికీ ఎవరి చోటు వాళ్లకు ఉండాలి, తలవైపు ఒక లైటు, ఒక అర, తాళం వేసుకునే ఒక సొరుగు, అంతే. మీ ఇళ్లల్లో ఎలా చేశారో చెప్పండి. నా మాట ఒప్పుకోకపోతే ఎందుకో కూడా చెప్పండి.

కరకంబాడి రోడ్డు నాన్న:

అక్కా, నేను మీవారి పక్షం. మా బాబుకు తొమ్మిది, పాపకు ఏడు. "నా పరుపు మీద ఎందుకు కూర్చున్నావు, నా పెన్సిల్ డబ్బా ఎవరు తీశారు" అని పొద్దున లేస్తే తగువే. పోయిన సంక్రాంతికి గది రెండుగా చేసి రంగు వేయించాను. అయితే రంగులు వాళ్లనే అడిగాం, ఒకడు ఆకుపచ్చ అన్నాడు, చిన్నది నారింజ అంది. అప్పటి నుంచి తగువులు నిజంగా తగ్గాయి. హద్దు కనబడితే పిలకాయలు దాన్ని గౌరవిస్తారు. పొలానికైనా గట్టు ఉంటేనే కదా అన్నదమ్ములు సఖ్యంగా ఉండేది. మీరు గీతే వద్దంటున్నారు, దానికి నేను ఒప్పుకోను. నీలం, గులాబీ వద్దంటే మాత్రం మీతో ఉంటాను.

ఎంఆర్‌పల్లి అమ్మ:

మంచి మాట చెప్పారు, ముఖ్యంగా వాళ్లనే అడగడం. కానీ ఒక సందేహం. మీ గదిలో కిటికీ ఎవరి వైపు పడింది? స్విచ్ బోర్డు ఎవరి వైపు?

కరకంబాడి రోడ్డు నాన్న:

మీరు అడిగాక ఆలోచిస్తే నిజమే. కిటికీ మధ్యలో ఉంది కాబట్టి సరిపోయింది. స్విచ్ బోర్డు మాత్రం వాడి వైపు పడింది. ఫ్యాను పెంచాలంటే చిన్నది వాడిని అడగాల్సి వచ్చేది, రాత్రి వాడు నిద్రపోయాక లైటు వేసుకోవడానికి భయపడేది. నెల రోజులు మాకు తెలియనే లేదు. ఒకసారి చీకట్లో బాత్రూమ్‌కు పోతూ పడిపోయింది, అప్పుడు చెప్పింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పాప మంచం పక్కన ఇంకో బోర్డు పెట్టించాను. కాబట్టి గీత గీసేవాళ్లు ముందు స్విచ్‌ల సంగతి చూసుకోండి, ఇది మాత్రం మరిచిపోవద్దు.

గిరింపేట అవ్వ:

చిత్తూరు నుంచి రాస్తున్నాను. నాకు అరవై ఎనిమిదేళ్లు. ముగ్గురు బిడ్డల్ని పెంచినాను, ఇద్దరు మగ, ఒక ఆడ. అమ్మా, రంగుల గురించి ఇంత మాట్లాడుకుంటూ ఉండారు, అసలు సంగతి ఎవరూ చెప్పరేం? ఆడబిడ్డకు ఇప్పుడు ఐదు. ఇంకో నాలుగైదేళ్లు పోతే అన్నతో ఒకే గదిలో ఉండలేదు, ఉండకూడదు కూడా. గుడ్డలు మార్చుకోను తలుపు వేసుకునే చోటు కావాల. మా ఇంట్లో నా కూతురికి తొమ్మిదో ఏడు రాగానే నా పక్కన మంచం వేసినాను. ఆ బిడ్డ ఇప్పటికీ చెబుతాది, అమ్మ గది దొరికింది కాబట్టి సరిపోయింది, లేకుంటే ఎంత ఇబ్బంది పడేదాన్నో అని. అందుకని గోడకు అతికించేసే పనులు ఏవీ చేయొద్దు తల్లీ. కదిలేవి, తీసేసేవి పెట్టుకోండి. పాతిక వేలు గోడల పాలు చేసి నాలుగేళ్లకు పగలగొట్టుకుంటే బాధపడేది మీరే.

అద్దె ఇంటి అన్న:

అవ్వ చెప్పింది మన ఊళ్ల పాతకాలపు మాట అని కొందరు అనుకోవచ్చు. మా చెల్లెలు ఇంగ్లండ్‌లో ఉంది, ఇల్లు వెతుక్కునేటప్పుడు తెలిసింది. అక్కడ 1985 నాటి హౌసింగ్ చట్టం ప్రకారం పదేళ్లు నిండిన ఆడ, మగ ఇద్దరు, భార్యాభర్తలు కానివాళ్లు, ఒకే గదిలో పడుకోవాల్సి వస్తే ఆ ఇల్లు ఇరుకిల్లు కిందే లెక్క. అన్నాచెల్లెళ్లకైనా అంతే. ఇద్దరూ పదేళ్లు దాటాలి అని ఉంది కాబట్టి మీ పాపకు పదేళ్లు వచ్చేదాకా, అంటే ఇంకో ఐదేళ్లు, ఆ లెక్కన కూడా ఒకే గది సరిపోతుంది. అవ్వ తొమ్మిది అంటోంది, చట్టం పది అంటోంది, పెద్ద తేడా లేదు.

గిరింపేట అవ్వ:

చట్టం మాట నాకు తెలియదు నాయనా. బిడ్డ మొహం చూస్తే తెలుస్తాది.

చిత్తూరు టీచరమ్మ:

పెద్దమ్మ మాటను కాదనను. పాప పెద్దదవుతున్న కొద్దీ తలుపు వేసుకునే చోటు తప్పకుండా కావాలి. కానీ నేను ప్రాథమిక పాఠశాలలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను, పిల్లల ఇళ్లకు వెళుతూ ఉంటాను, అక్కడ చూసింది చెప్పాలి. అన్నాచెల్లెళ్ల గది అంటారు, లోపలికి పోతే టేబుల్ అన్నది, కుర్చీ అన్నది, కిటికీ పక్క మంచం అన్నది. చెల్లెలి పుస్తకాల సంచి తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉంటుంది. "చిన్నది కదండీ, అది మంచం మీద కూర్చుని రాసుకుంటుంది" అంటారు. గులాబీ గోడ, రాకుమారి స్టిక్కరు మాత్రం ఉంటాయి. గోడకు బొమ్మలు అతికించేశాం కాబట్టి ఆడపిల్లకు చేయాల్సింది చేసేశాం అని అమ్మానాన్నలు నిజంగానే అనుకుంటారు, వాళ్లది చెడ్డ మనసు కాదు. నాలుగో తరగతికి వచ్చేసరికి ఆ అమ్మాయి రాత ఎందుకు వంకరగా ఉందో నాకు అర్థమవుతుంది, ఒళ్లో పెట్టుకుని రాస్తుంది కాబట్టి.

అందుకే రంగు ఏదైనా వేసుకోండి, ముందు కొలత టేపు తీసుకుని ఒక్కొక్కరికి ఎన్ని అడుగుల బల్ల, ఎన్ని అరలు వచ్చాయో కొలవండి. కరకంబాడి రోడ్డు అన్నగారూ, మీ గీత న్యాయంగా కనబడుతుంది, కానీ గీతకు రెండు వైపులా ఉన్నవి సమానమా కాదా అన్నది స్విచ్ బోర్డు దగ్గరే తేలిపోయింది కదా.

కరకంబాడి రోడ్డు నాన్న:

టీచరమ్మ గారూ, ఒప్పుకుంటున్నాను. మా ఇంట్లో టేబుల్ కూడా వాడి వైపే ఉంది. పొడుగు బల్ల ఒకటి వేయించి రెండు కుర్చీలు పెడతాను. గీత మాత్రం తీయను, అది వాళ్లు అడిగి వేయించుకున్నది.

అద్దె ఇంటి అన్న:

బంక్ బెడ్ గురించి ఎవరూ మాట్లాడలేదేం? చిన్న గదికి అదే మంచిది కదా, మంచం మీద మంచం వేస్తే కింద ఆడుకోవడానికి ఖాళీ మిగులుతుంది.

రేణిగుంట చెక్కపని:

నేను పదిహేనేళ్లుగా ఇళ్లకు మంచాలు, కప్‌బోర్డులు చేస్తున్నాను. బంక్ బెడ్ అడిగినవాళ్లందరికీ ముందు ఒకటే చెబుతాను, తల ఎత్తి ఫ్యాను చూడండి. మన ఇళ్లల్లో స్లాబు ఎత్తు పది అడుగులు అనుకుందాం. రాడ్డుతో కలిపి ఫ్యాను రెక్కలు తొమ్మిది అడుగుల లోపే తిరుగుతాయి. పై మంచం ఐదు అడుగుల ఎత్తులో ఉంటే దాని మీద ఐదు అంగుళాల పరుపు, దాని మీద ఎనిమిదేళ్ల బాబు నిలబడితే ఇంకో నాలుగు అడుగుల పైన. తల రెక్కల కంటే పైకి పోతుంది. పిల్లలు నిలబడరు అని మాత్రం అనొద్దు, దుప్పటి దులపడానికి లేచినా, దోమతెర కట్టుకోవడానికి చెయ్యి ఎత్తినా చాలు. మంచం గోడ మూలకు జరిపినా పది అడుగుల గదిలో నాలుగు అడుగుల ఫ్యాను ఎంత దూరంలో ఉంటుందో కొలుచుకోండి. ఫ్యాను తీసేసి గోడ ఫ్యాన్లు పెట్టేవాళ్లకు వేరే సంగతి.

ఇంకొకటి. అమెరికాలో ఈ మంచాలకు నియమాలు ఉన్నాయి, నాకు పని ఇచ్చిన ఒకాయన చూపించాడు. ఆరేళ్ల లోపు పిల్లల్ని పై మంచం ఎక్కనివ్వకూడదు. పక్క కమ్మీ పరుపు కంటే కనీసం ఐదు అంగుళాలు పైకి ఉండాలి, కమ్మీల మధ్య సందు మూడున్నర అంగుళాలు దాటకూడదు, దాటితే పిల్లల ఒళ్లు జారి తల ఇరుక్కుంటుంది. ఇక్కడ రెడీమేడ్‌గా అమ్మే వాటిలో కమ్మీ ఆ ఎత్తు ఉందో లేదో చూసి కొనేవాళ్లు తక్కువ. ఐదేళ్ల పాప ఉన్న ఇంటికి నేనైతే చేసి ఇవ్వను. అన్న పైన, చెల్లి కింద అంటారా, చెల్లి ఎక్కకుండా ఉంటుందా?

మీ గదికి రెండున్నర అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు మంచాలు రెండు, ఒకటి పొడవు గోడకు, ఒకటి అడ్డ గోడకు, మూలలో కలిసేలా వేయండి. కింద చక్రాల సొరుగులు పెడితే బొమ్మలన్నీ అందులోకి పోతాయి. మధ్యలో ఆడుకోవడానికి చోటు మిగులుతుంది. పుస్తకాల స్టాండ్ కొంటే గోడకు క్లాంపు వేసి బిగించండి, పిల్లలు మెట్లలాగా ఎక్కుతారు, మీద పడుతుంది.

అద్దె ఇంటి అన్న:

సరే, బంక్ బెడ్ మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఫ్యాను సంగతి నాకు తట్టలేదు. మా పరిస్థితి వేరు. మేముండే ఇంట్లో మేకు కొట్టాలన్నా ఓనరును అడగాలి. పిల్లలు సరదాపడితే చీకట్లో మెరిసే రేడియం నక్షత్రాలు గోడకు అంటించాం, తీసేటప్పుడు డిస్టెంపర్ పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది, అడ్వాన్సులో పట్టుకుంటామన్నారు. వాల్‌పేపర్ వేద్దామనుకునేవాళ్లకు కూడా ఒక మాట, మన దగ్గర నవంబర్ వానలకు గోడ చెమ్మ పట్టిందంటే అది అంచుల దగ్గర లేచి లోపల బూజు పడుతుంది. 2021 నవంబర్ వానల తర్వాత మా పాత ఇంట్లో అదే జరిగింది. ఇప్పుడు మంచాల మధ్య తాడు కట్టి గుడ్డ తెర వేశాం. రాత్రి వేసుకుంటారు, పగలు తీసేస్తారు. గీత కంటే తెర మేలు, పిల్లలు కావాలనుకున్నప్పుడే ఉంటుంది.

కాళహస్తి కలంకారీ:

తెర మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను, మా ఇంట్లో మూడు తరాలుగా కలంకారీ పనే. పిల్లల గదికి మా శ్రీకాళహస్తి గుడ్డ వేసుకుంటే నాకు సంతోషమే, వెదురు కలంతో గీసిన చెట్టు, దాని మీద పిట్టలు, ఆ బాబుకు తప్పకుండా నచ్చుతాయి. కానీ నిజం చెప్పాలి. కరక్కాయలో, పాలలో నానబెట్టి, బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నలుపుతో, చెట్ల రంగులతో వేసేది అది. పడమటి కిటికీకి కర్టెన్‌గా వేస్తే మన ఎండకు కొన్నాళ్లకే రంగు దిగుతుంది. ఐదేళ్ల పాప ఉన్న ఇంట్లో వారం వారం ఉతకాల్సి వస్తుంది, చేతిపని గుడ్డ అంత ఉతుకు తట్టుకోదు. కిటికీకి మామూలు మందపాటి కాటన్ వేసుకోండి. చేతిపని ముక్క చిన్నది ఒకటి చెక్క ఫ్రేములో బిగించి ఎండ పడని గోడకు పెట్టుకోండి.

ఎంఆర్‌పల్లి అమ్మ:

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి ఇవన్నీ మా ఆయనకు చదివి వినిపించాను. అవ్వ మాట, టీచరమ్మ మాట రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత పిల్లలిద్దరినీ గదిలోకి తీసుకెళ్లి ఏం కావాలో అడిగాం. బాబు కిటికీ పక్క మంచం అడుగుతాడని అనుకున్నాను, వాడు అరల వైపు అడిగాడు, బొమ్మల కాగితాలు దగ్గర ఉండాలట. పాపకు కిటికీ కావాలి, ఇంకా తాళం చెవి. సొరుగులో ఏం పెడతావంటే చెప్పను అంది.

కాబట్టి గీత లేదు. గోడలకు మీగడ రంగు, అరల వెనక గోడ ఒక్కటి మాత్రం ఇద్దరూ కలిసి ఎంచుకున్న చిలకపచ్చ. డబ్బా మీద సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) లోపే అని రాసి ఉందో లేదో చూసి తెమ్మని మా ఆయనకు చెప్పాను, 2017 నవంబర్ నుంచి ఇంటి పెయింట్లకు ఆ హద్దు ఉంది. షెడ్డులో మిగిలిన పాత డబ్బాలు కలిపేస్తానన్నాడు పెయింటర్, వద్దన్నాం. రెండు మంచాలు చెక్కపని అన్న చెప్పినట్టే మూలలో కలిసేలా. రెండింటి తలవైపూ స్విచ్ బోర్డు. బల్ల ఆరు అడుగులు, ఇద్దరికీ చెరి మూడు.

అవ్వా, మీ మాట కూడా పెట్టుకున్నాను. ఎలక్ట్రీషియన్ పని చేస్తుండగానే సీలింగ్‌కు తెర రాడ్డు హుక్కులు కూడా బిగించేస్తున్నాం, ఇప్పుడు తెర వేయకపోయినా సరే. పాపకు తొమ్మిదో ఏడు వచ్చేసరికి హాలు పక్కన స్టోర్ రూమ్ ఖాళీ చేసి దానికి ఇవ్వాలని మా ఆయన ఇప్పుడే అంటున్నారు. అందులో కిటికీ లేదు, అదొక్కటే ఆలోచిస్తున్నాను.

గిరింపేట అవ్వ:

కిటికీ లేని గది బిడ్డకు వద్దు తల్లీ. ఆ గది మగబిడ్డకు కూడా వద్దు. గోడ కొట్టి కిటికీ పెట్టించేదానికి ఇప్పటి నుంచే నెలకింత దాచుకోండి.