న్యూజెర్సీ స్పీడింగ్ టికెట్: పాయింట్లు పడకుండా మార్పించుకోవాలంటే?

ప్రశ్న

న్యూజెర్సీలో 50 మైళ్ల జోన్‌లో 71 అని రాడార్‌లో పడింది. టికెట్ మీద సెక్షన్ 39:4-98 (స్పీడింగ్) అని రాశారు. కోర్టుకు తప్పక రావాలన్న గడిలో టిక్కు లేదు, కాబట్టి ఆన్‌లైన్‌లో కట్టేసే వీలుంది. కానీ కడితే లైసెన్స్ రికార్డు మీద 4 పాయింట్లట. ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి పాయింట్లు లేని కేసుగా మార్పించుకోవచ్చని అంటున్నారు. లాయర్ లేకుండా కుదురుతుందా? చివరికి ఎంతవుతుంది? లైసెన్స్ న్యూజెర్సీదే, రికార్డులో ఇంతకుముందు ఏమీ లేదు.

జవాబు 1

ముందు ఆ ఆన్‌లైన్ పేమెంట్ జోలికి వెళ్లకండి. కట్టడమంటే నేరం ఒప్పుకోవడమే. కట్టాక బేరానికి తావుండదు.

పరిమితి దాటింది 1 నుంచి 14 మైళ్లయితే 2 పాయింట్లు, 15 నుంచి 29 అయితే 4, 30 గానీ ఆపైన గానీ అయితే 5. మీది 21 కాబట్టి 4. మీరు అడగాల్సింది 39:4-97.2, అంటే అన్‌సేఫ్ డ్రైవింగ్. మొదటి రెండుసార్లు దానికి పాయింట్లు లేవు.

టికెట్ మీదున్న తేదీకి కనీసం 7 రోజుల ముందు ‘నాట్ గిల్టీ’ అని కోర్టుకు తెలపండి. చాలా మున్సిపల్ కోర్టులకు ఇది ఆన్‌లైన్‌లోనే అవుతుంది, ప్రాసిక్యూటర్‌కు ప్రతిపాదన కూడా అక్కడి నుంచే పంపే వీలుంటుంది. అప్పటికీ కోర్టుకు వెళ్లాల్సి వస్తే, పిలిచే సమయానికంటే ముందే వెళ్లి ప్రాసిక్యూటర్‌ను కలిసే వరసలో పేరు రాయించుకోండి. మోటార్ వెహికిల్ కమిషన్ నుంచి డ్రైవర్ అబ్‌స్ట్రాక్ట్, అంటే మీ డ్రైవింగ్ రికార్డు నకలు (15 డాలర్లు) తీసి చేతిలో పెట్టుకోండి. శుభ్రమైన రికార్డును మించిన వాదన ఇక్కడ లేదు.

మాట్లాడేది రెండు ముక్కల్లో తేల్చండి: ‘రికార్డు ఇది, 97.2కి మారుస్తారా?’ అందరూ అంతే స్పీడులో వెళ్తున్నారనో, ఆఫీసుకు ఆలస్యమైందనో చెప్పారంటే స్పీడు ఒప్పుకున్నట్టే.

చాలామంది తడబడేది ఆ తర్వాత. ప్రాసిక్యూటర్ సరేనన్నా జడ్జి ఆమోదించాలి. మీరు ప్రమాదం కలిగేలా నడిపారా అని జడ్జి అడుగుతారు. ‘లేదండీ, జాగ్రత్తగానే నడిపాను’ అన్నారో, ఒప్పుకోలుకు ఆధారం లేదని బేరాన్ని పక్కన పెట్టేస్తారు. ‘అవును, పరిమితి మించి నడిపాను, అది ప్రమాదకరం’ అంటే చాలు.

జవాబు 2

పై సలహా సరైనదే గానీ, 97.2 తీసుకునే ముందు లెక్క వేసుకోండి. మొదటిసారి ఫైన్ 50 నుంచి 150 డాలర్లు. దాని మీద 250 డాలర్ల సర్‌ఛార్జి, కోర్టు ఖర్చులు 33 వరకు. మొత్తం 330 నుంచి 430 మధ్య తేలుతుంది. అసలు టికెట్ కంటే ఇదే ఎక్కువ. పాయింట్లు పడకుండా డబ్బు పెట్టి కొనుక్కుంటున్నారన్నమాట.

పైగా అది రెండుసార్లే. అయిదేళ్లలోపు మూడోసారి అయితే 4 పాయింట్లు పడతాయి. అందుకే 2 పాయింట్ల చిన్న టికెట్‌కు దీన్ని ఖర్చు చేయడం నాకైతే దండగ అనిపిస్తుంది.

మీలాంటి 4 పాయింట్ల కేసులో ఇంకో దారి: కేర్‌లెస్ డ్రైవింగ్ (39:4-97), 2 పాయింట్లు. లేదా స్పీడునే పరిమితికి 14 మైళ్లే ఎక్కువని దించి రాయించుకోవడం, అదీ 2 పాయింట్లే. వీటికి 250 సర్‌ఛార్జి లేదు. డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు చేస్తే ఆ 2 పోతాయి (అయిదేళ్లకోసారి). ఏడాదిపాటు ఏ ఉల్లంఘనా లేకపోతే 3 పాయింట్లు తగ్గుతాయి కూడా. మూడేళ్లలో 6 పాయింట్లకు చేరితే మాత్రం 150 డాలర్ల సర్‌ఛార్జి, 6 దాటిన ప్రతి పాయింటుకు ఇంకో 25. ఇప్పటికే రికార్డులో పాయింట్లున్నవాళ్లు ఏమీ ఆలోచించకుండా 97.2 అడగాలి.

ఒక సంగతి. ఏ దారిన వెళ్లినా నేరం రికార్డులో కనిపిస్తుంది. పాయింట్లు లేవు కదా అని ఇన్సూరెన్స్ కంపెనీ కంట పడదనుకోవద్దు.

జవాబు 3

ఈ బేరం అందరికీ దొరకదు. కమర్షియల్ లైసెన్స్ ఉంటే, సొంత కారు నడిపినా సరే, నేరాన్ని కప్పేలా తగ్గించడాన్ని ఫెడరల్ నిబంధన ఒప్పుకోదు. న్యూయార్క్ సిటీలో పడ్డ టికెట్ అయితే అక్కడ ప్లీ బేరమే లేదు, విచారణే. న్యూజెర్సీ లైసెన్స్‌తో వేరే రాష్ట్రంలో దొరికితే ఇక్కడ 2 పాయింట్లు వేస్తారు.

యాక్సిడెంట్ కూడా ఉంటే ఒప్పుకునేటప్పుడు ‘సివిల్ రిజర్వేషన్’ కావాలని జడ్జిని అడగండి. అది లేకపోతే రేపు అవతలివాళ్లు నష్టపరిహారం కేసు వేసినప్పుడు మీ ఒప్పుకోలునే సాక్ష్యంగా వాడతారు. కోర్టులో లాయర్ లేకుండా నిలబడేవాళ్లు మరిచిపోయేది ఇదే. గాయాలు తగిలిన కేసైనా, పరిమితిని 30 మైళ్లు మించిన స్పీడైనా లాయర్‌ను పెట్టుకోండి. మీదానికి అక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థాంక్స్ అండి. రాడార్ కాగితాలు అడిగితే ఉపయోగమా?

జవాబు 1

‘నాట్ గిల్టీ’ చెప్పిన వెంటనే డిస్కవరీ (వాళ్ల దగ్గరున్న సాక్ష్యాల కాగితాలు) కోసం ప్రాసిక్యూటర్‌ను రాతపూర్వకంగా అడగండి: రాడార్‌ను సరిచూసే ట్యూనింగ్ ఫోర్కుల సర్టిఫికెట్లు, ఆఫీసర్‌కు రాడార్ వాడే శిక్షణ ఉన్నట్టు కాగితం, వీడియో. కాగితాల్లో తేదీ దాటిపోయి ఉంటే బేరంలో మీ చెయ్యి పైన ఉంటుంది. అన్నీ సరిగ్గా ఉంటే విచారణకు పట్టుబట్టకండి, ఓడితే అసలు సెక్షనే, 4 పాయింట్లే.

జవాబు 3

కేసు ముగిశాక కోర్టు క్లర్కు దగ్గర సర్టిఫైడ్ డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో కోర్టు ధ్రువీకరించిన కాగితం) తీసుకుని దాచండి. గ్రీన్ కార్డు, పౌరసత్వం దరఖాస్తుల్లో టికెట్ల గురించి అడిగితే చూపించాల్సింది అదే. కొన్ని వారాలాగి అబ్‌స్ట్రాక్ట్ మళ్లీ తీయండి. మార్చిన సెక్షన్ బదులు 39:4-98 అనే ఎక్కి ఉంటే ఆ కాగితంతో ముందు కోర్టుకే వెళ్లి సరిచేయించుకోవాలి.