ఆగస్టులో బాబుతో డాలస్ వస్తున్నాం, స్కూళ్ల వార్తలు చూసి టెన్షన్

కూకట్‌పల్లి నుంచి:
అందరికీ నమస్తే. మావారికి డాలస్‌లో ప్రాజెక్ట్ వచ్చింది. బాబు అక్కడ మూడో తరగతిలో చేరాలి. టీవీలో స్కూల్లో కాల్పుల వార్త చూసినప్పటి నుంచి మా అత్తగారు "పిల్లాణ్ణి నా దగ్గర వదిలేసి వెళ్లండి" అని పట్టుబట్టారు. నాకూ నిద్ర పట్టట్లేదు. అక్కడున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

ప్లానో నుంచి:
చెల్లెమ్మా, ఏమీ కాదులే అని నేననను. 2022 మే 24న ఇదే టెక్సాస్‌లో ఉవాల్డే అనే ఊళ్లో, బడిలో జరిగిన కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఆ వార్త వచ్చినప్పుడు నేను పెళ్లి పనుల మీద దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మ దగ్గరున్నాను, మా ఆవిడా పాపా ఇక్కడ డాలస్ పక్కనే ప్లానోలో. పొద్దున్నే కాఫీ గ్లాసుతో హాల్లోకి వస్తే టీవీలో సైరన్ మోత, ఎర్రటి సున్నా చుట్టి అదే వీడియో ముక్క మళ్లీ మళ్లీ, "టెక్సాస్ స్కూల్లో" అని పెద్దక్షరాలు, ఊరి పేరు మాత్రం ఎక్కడో మూల. ఇక ఫోన్లే ఫోన్లు, "మీ పాప స్కూలేనా?" అని. ఉవాల్డే మా ఇంటికి ఎంత దూరమంటే హైదరాబాద్ నుంచి బెంగళూరు ఉన్నంత. అమ్మ మధ్యాహ్నం దాకా అన్నం ముట్టలేదు, ఆమెకు ఆ కాల్పులు ఒక్కసారి జరిగినట్టు లేదు, వీడియో వేసినన్నిసార్లు జరిగినట్టుంది.

పైగా మొదటి రోజు వార్తను పూర్తిగా నమ్మకండి. 1999లో కొలరాడోలో కొలంబైన్ హైస్కూల్ కాల్పులప్పుడు 25 మంది దాకా పోయి ఉంటారన్నారు, కాల్చినవాళ్లిద్దరూ కాక ఆ రోజు చనిపోయింది 13 మంది. నల్లకోట్ల గ్యాంగ్, తమను ఏడిపించిన ఆటగాళ్ల మీద పగ, అంటూ అల్లిన కథ దర్యాప్తులో నిలవలేదు, కానీ జనానికి ఇప్పటికీ గుర్తున్నది అదే. ఉవాల్డేలో పోలీసులు వెంటనే స్పందించారని ముందు అధికారులే చెప్పారు, కాల్చినవాణ్ణి మట్టుబెట్టేసరికి 77 నిమిషాలైందని తర్వాత తేలింది. దాన్ని బయటికి లాగినవాళ్లలో విలేకరులూ ఉన్నారు, అందుకే మీడియా మొత్తాన్ని తిట్టను.

వాట్సాప్‌లో "ఈ ఏడాది ఇన్ని వందల కాల్పులు" అని వస్తే ఏం లెక్కపెట్టారో చూడండి. కొన్ని జాబితాల్లో తుపాకీ చూపించి బెదిరించినా, రాత్రిపూట బడి గోడకు తూటా తగిలినా అదీ ఒక కాల్పుల ఘటన కిందే లెక్క. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రకారం బడి ఈడు పిల్లల హత్యల్లో బడిలో జరిగేవి 2 శాతం లోపే. అలాగని తుపాకీ భయం ఉత్తదేం కాదు, 2020 నుంచి ఇక్కడ పిల్లలూ టీనేజర్ల మరణాల్లో మొదటి కారణం అదే, ఎక్కువ భాగం బడి బయట. బాబును స్నేహితుల ఇంటికి ఆడుకోవడానికి పంపే ముందు "మీ ఇంట్లో గన్ ఉందా, లాక్ చేసి పెట్టారా" అని అడగండి. మొహమాటపడొద్దు, ఇక్కడ అలా అడిగేవాళ్లున్నారు.

ఫ్రిస్కో నుంచి:
అన్నయ్య చెప్పిందానికి ఒకటి కలుపుతాను. స్కూల్ నుంచి మెసేజ్ వస్తే ముందు పదం చూడండి. "హోల్డ్" అంటే పిల్లలు క్లాసులోంచి కదలకూడదు, అంతే. "సెక్యూర్" అంటే గొడవ బయటెక్కడో, బయటి తలుపులు వేశారు, లోపల పాఠాలు మామూలే. ఈ మూడింట్లో అన్నిటికన్నా సీరియస్ "లాక్‌డౌన్", అంటే ప్రమాదం బడి లోపలే. ఇది తెలియక మొదటిసారి "సెక్యూర్" చూసి ఆఫీసులో మీటింగ్ మధ్యలోంచి పరిగెత్తాను. పక్క వీధిలో పోలీసులు ఎవడో దొంగ కోసం వెతుకుతున్నారట, మావాడేమో లోపల పిజ్జా తింటున్నాడు.

బాబును మాత్రం వదిలేసి రాకండి. హైదరాబాద్‌లో మా స్కూల్లో డస్టర్‌తో వేళ్ల కణుపుల మీద కొట్టేవారు, ఏ చానలూ వ్యాను వేసుకుని రాలేదు.

కూకట్‌పల్లి నుంచి:
థాంక్సండీ. అత్తగారికి అంతా చదివి వినిపించా. "ఆ మెసేజ్‌లు నా ఫోన్‌కి కూడా వచ్చేట్టు చూడు" అంటున్నారు.