బాండికూట్ మన మాటేనా?

గోదారిగట్టు:
ఇంగ్లీషులో బాండికూట్ అనే మాట మన పందికొక్కే. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా ఇది తెలుగు నుంచి వచ్చిందనే చెప్పింది. మనలో ఎంతమందికి తెలుసు?

నీలిసిరా:
ఇప్పుడు బాండికూట్ అంటే లోకానికి గుర్తొచ్చేది ఆస్ట్రేలియా జంతువు. పొట్టసంచిలో పిల్లల్ని పెంచే జాతి అది. మన ఎలుకకూ దానికీ సంబంధం లేదు.

గోదారిగట్టు:
జంతువులకు లేదు, పేరుకు ఉంది. అక్కడికెళ్లిన ఇంగ్లీషువాళ్లు మన పందికొక్కు పేరే దానికీ పెట్టారు.

నీలిసిరా:
సరే, ప బ ఎలా అయింది? కొక్కు కూట్ ఎలా అయింది?

అచ్చుహల్లు:
ప సంగతి తేలికే. ఇంగ్లీషువాళ్లు మాట మొదట్లో ప పలికితే గాలి ఊదినట్టు వస్తుంది. మన ప అలా ఉండదు, అందుకే వాళ్ల చెవికి బ లా వినపడుతుంది.

నీలిసిరా:
మరి ట ఎక్కడిది?

గోదారిగట్టు:
ఆ ఒక్క ట పట్టుకుని ఎందుకండీ వేలాడతారు! దీన్ని తమిళులు పెరుచ్చాళి అంటారు, కన్నడిగులు హెగ్గణ అంటారు. కన్నడంలో పంది కూడా హంది అవుతుంది. ఇక మిగిలింది మనమే కదా? ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో 1611లోనే కొట్టు పెట్టారు. ఎనిమిదో తరగతిలో నేనీ మాట చెబితే మాస్టారు "అన్నీ మనవేనా?" అని క్లాసంతా నవ్వించారు. మీరూ అదే చేస్తున్నారు.

వరిచేను:
పోయినేడు మా గాదె కింద బొరియలు తవ్వి రెండు బస్తాల వడ్లు పాడుచేశాయి. ఊళ్లో డబ్బు తినేవాణ్ణి పందికొక్కు అనే తిడతాం. ఆ పేరు ఎంత దూరం పోతే నాకేం సంతోషం?

గోదారిగట్టు:
మీ నష్టం వేరు, మాట వేరు. నీలిసిరా గారూ, తెలుగంటే మీకు చులకన. అది ఒప్పుకోండి.

నీలిసిరా:
చులకనా? ప్రపంచ భాషలన్నీ మన దగ్గరే పుట్టాయని మా నాన్న రోజూ ఫార్వర్డులు పంపేవారు. రుజువేదని అడిగినందుకు ఏడాదిగా నాతో మాట్లాడటం లేదు. ఆ చెత్త వల్లే ఇలాంటి నిజమైన మాట చెప్పినా ఎవరూ నమ్మరు. అందుకే ట గురించి ఇంతగా అడుగుతున్నాను.

గోదారిగట్టు:
నాకు ఆ సంగతి తెలియదు. ఏమనుకోకండి. విశాఖపట్నాన్ని వైజాగపటం చేసిన నోళ్లు కొక్కును కూట్ చేయలేవా?

నీలిసిరా:
అది పోలికే, రుజువు కాదు.

గోదారిగట్టు:
ఈ ఒక్క మాట మీ నాన్నగారికి పంపండి. ఇది నిజమే కదా.

నీలిసిరా:
ముందు ట సంగతి తేలనివ్వండి.