అప్‌డేట్: సౌండ్‌బార్‌లో అట్మాస్ రాని సమస్య టీవీ మార్చకుండానే తీరింది

పాత 4కే టీవీకి సౌండ్‌బార్ కలిపితే ఓటీటీలోనూ, బ్లూరే డిస్కుల్లోనూ డాల్బీ అట్మాస్ (చుట్టూ, పైనుంచి కూడా వినిపించే శబ్దం) బదులు స్టీరియో మాత్రమే వస్తోందనీ, ఇందుకోసం కొత్త టీవీ కొనాలా అనీ ఇక్కడ అడిగాను. టీవీ సెట్టింగులు మార్చమనీ, ఖరీదైన కేబుల్ వాడమనీ, ఆప్టికల్ కేబుల్‌తో కలపమనీ సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఓటీటీ విషయంలో పనిచేసింది సెట్టింగుల సూచనే. టీవీలో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ పీసీఎంలో (టీవీయే శబ్దాన్ని విప్పి పంపే పద్ధతిలో) ఉంది. దానిని పాస్‌త్రూకు (వచ్చిన శబ్దాన్ని మార్చకుండా అలాగే పంపే పద్ధతికి) మార్చగానే అట్మాస్ వచ్చింది. ఓటీటీ సేవలు సాధారణంగా అట్మాస్‌ను డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలో కుదించి పంపుతాయి కాబట్టి, టీవీ దానిని అడ్డుకోకపోతే 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగా సౌండ్‌బార్‌కు పంపే సదుపాయం) సరిపోతుంది.

డిస్కులకు మాత్రం ఇది చాలలేదు. వాటిలోని డాల్బీ ట్రూహెచ్‌డీ (నాణ్యత తగ్గకుండా నిల్వచేసిన) శబ్దం ఏఆర్‌సీలో పట్టదనీ, అందుకు హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఏఆర్‌సీ (మెరుగైన ఏఆర్‌సీ) కావాలనీ, అది నా టీవీలో లేదనీ ఇంటికి వచ్చిన టెక్నీషియన్ చూసి చెప్పారు. ఆయన ప్లేయర్‌ను నేరుగా సౌండ్‌బార్ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కు కలిపి, ప్లేయర్ ఆడియోను బిట్‌స్ట్రీమ్‌కు (శబ్దాన్ని విప్పకుండా పంపే పద్ధతికి) మార్చి, సెకండరీ ఆడియోను (మెనూ శబ్దాల వంటివి కలిపే అమరికను) ఆపివేయడంతో అదీ తీరింది. ఇలా కలిపేవారు తమ సౌండ్‌బార్ 4కే, హెచ్‌డీఆర్ చిత్రాన్ని టీవీకి యథాతథంగా పంపగలదో లేదో ముందే చూసుకోవాలి.

ఖరీదైన కేబుల్‌తో తేడా ఏమీ రాలేదు. ఆప్టికల్ కేబుల్ సలహా అసలు వర్తించదు, ఎందుకంటే దానిలో అట్మాస్ వెళ్లదు.