అప్‌డేట్: ఫ్లూ టీకా తర్వాత ఎత్తలేకపోయిన చెయ్యి, కారణం తెలిసింది

ఫ్లూ టీకా వేయించుకుని 12 రోజులైనా ఎడమ చెయ్యి పైకి లేవడం లేదని ఇక్కడ అడిగాను కదా, ఆ సంగతి తేలింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా 'ఇన్ని రోజులు ఆగకూడదు, ఆర్థో డాక్టర్‌కి చూపించండి' అన్నవాళ్లకి.

గుంటూరు కొత్తపేటలో చూపించుకున్నాను. సూది ఎక్కడ వేశారో వేలు పెట్టి చూపించమన్నారు డాక్టరు గారు. భుజం ఎముక అంచుకి రెండు వేళ్ల దూరం కూడా లేదు! "మందు తప్పు కాదమ్మా, సూది బాగా పైన పడింది" అన్నారు. కండలోకి వెళ్లాల్సింది కీలు దగ్గరి తిత్తిలోకి వెళ్లి వాపు తెచ్చిందట. అల్ట్రాసౌండ్‌లో అదే కనిపించింది. ఇలా జరగడం అరుదేనట. మాత్రలు, మూడు వారాల ఫిజియోథెరపీతో తగ్గింది. నిన్న పై అరలోని ఆవకాయ జాడీ నేనే దించుకున్నాను.

మొదటి రాత్రి వచ్చిన 100 డిగ్రీల జ్వరానికి దీంతో సంబంధం లేదు. అది మామూలే, మర్నాటికే పోయింది. షుగర్ వల్ల భుజం పట్టేసిందేమోనని చేయించిన టెస్ట్ కూడా నార్మల్. ఇక మా అత్తయ్య మాన్పించిన వంకాయ పాపం ఏ తప్పూ చేయలేదు.

వచ్చే ఏడాది కూడా వేయించుకుంటాను. కాకపోతే ఈసారిలా కుర్తా మెడ పక్కకి లాగి కాదు, చెయ్యి మొత్తం బయటపెట్టి.