డిప్రెషన్ అంటే సెరటోనిన్ లోపమేనా? మరి మాత్ర చేసే పనేమిటి?

వేకువ: మూడేళ్లుగా డిప్రెషన్‌కు ఎస్సిటాలోప్రామ్ అనే మాత్ర వేసుకుంటున్నాను. "మీ మెదడులో కణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ తగ్గింది, ఈ మాత్ర దాన్ని భర్తీ చేస్తుంది" అన్నారు మా డాక్టరు. 2022లో బ్రిటన్ మానసిక వైద్యురాలు జొయానా మోంక్రీఫ్ బృందం పాత సమీక్షలన్నీ దగ్గర పెట్టుకుని చూసి, ఆ మాటకు నిలకడైన ఆధారం లేదని రాసింది. అది చదివినప్పటి నుంచి కడుపు రగిలిపోతోంది. మూడేళ్లు నన్ను ఏం చెప్పి నమ్మించినట్టు?

నిదానం: మీ కోపంలో న్యాయం ఉందండీ. ఆ లోపం కథ 1950లలో మొదలైంది. క్షయకు ఇచ్చిన ఇప్రోనియాజిడ్‌తో రోగులు హుషారయ్యారు. రక్తపోటు మందు రెసర్పిన్ సెరటోనిన్, డోపమిన్ వంటి మెదడు రసాయనాల నిల్వల్ని ఖాళీ చేస్తుంది, అది వాడినవాళ్లలో కొందరు కుంగిపోయారని డాక్టర్లు రాశారు. ఈ రెండూ కలిపి, తగ్గితే దిగులు, పెరిగితే ఊరట అనుకున్నారు.

అసలు జరిగేది చూడండి. నాడీకణం కొస నుంచి సెరటోనిన్ సన్నటి సందులోకి వస్తుంది, అవతలి కణం మీది గ్రాహకాలకు తగులుతుంది. ఆ తర్వాత పంపిన కణమే దాన్ని ట్రాన్స్‌పోర్టర్ అనే ద్వారం గుండా వెనక్కి లాక్కుంటుంది. మీ మాత్ర మూసేది ఆ ద్వారాన్నే. అదీ గంటల్లో! ఊరట రావడానికి మాత్రం వారాలు పడుతుంది. లోటు భర్తీ చేయడమే వైద్యమైతే సాయంత్రానికల్లా మనసు తేలికపడాలి కదా? ఈలోగా గ్రాహకాల స్పందన మారుతుంది, కణాల మధ్య కొత్త లంకెలు ఏర్పడతాయి. ఊరట అక్కడి నుంచి వస్తుందన్నది ఇప్పుడు బలంగా ఉన్న ఆలోచన.

సూటిమాట: ఇదంతా మందును కాపాడుకునే వాదన. 2018లో వైద్య పత్రిక లాన్సెట్‌లో 522 ప్రయోగాల లెక్క వచ్చింది. 21 మందులూ మందు లేని ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగే, కానీ సగటున ఆ తేడా చిన్నది. లోపమూ లేక, పెద్ద లాభమూ లేకపోతే ఎందుకు మింగాలి? నేనైతే ఆపేయమనే అంటాను.

నిదానం: సగటు చిన్నదని అందరికీ చిన్నదే అనడం తప్పు. తీవ్రంగా కుంగి మంచం దిగలేని మనిషికి ఆ కాస్తే ప్రాణం నిలబెట్టవచ్చు. కారణం తప్పుగా చెప్పారన్నది ఒక ఫిర్యాదు, మందు పనిచేయదన్నది వేరే ఫిర్యాదు. మొదటిదానితో రెండోది రుజువు కాదు. 2019లో అమెరికాలో అనుమతి పొందిన ఎస్‌కెటమిన్ అనే డిప్రెషన్ మందు గ్లూటమేట్ అనే మరో మెదడు రసాయనం వ్యవస్థ మీద పనిచేస్తుంది. అంతమాత్రాన డిప్రెషన్‌ను గ్లూటమేట్ జబ్బు అంటామా?

వేకువ: సూటిమాట గారూ, ఆపేయమని అంత తేలిగ్గా అనకండి. ఆ వార్త చదివిన వారమే ఎవరికీ చెప్పకుండా ఆపేశాను. మూడో రోజు నుంచి తల తిప్పితే చాలు, లోపల కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది. నిద్ర లేదు. ఊరికే ఏడుపొచ్చేది. జబ్బు తిరగబెట్టిందనుకుని హడలిపోయాను. నెమ్మదిగా తగ్గించాల్సిన మందని ముందే ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ పది రోజులు తప్పేవి. సెరటోనిన్ కథ కన్నా నాకు ఎక్కువ కోపం దీని మీదే.

నిదానం: తగ్గించడంలో ఇంకో మెలిక ఉంది. మామూలు మోతాదే ఆ ద్వారాల్లో దాదాపు 80 శాతాన్ని మూసేస్తుంది. మోతాదు సగం చేసినా చాలా ద్వారాలు మూతబడే ఉంటాయి. చివరి చిన్న మోతాదు నుంచి సున్నాకు దిగేటప్పుడే అవన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. అందుకే ఆఖరి మెట్లు ఇంకా చిన్నవిగా వేయాలి. ఈసారి డాక్టరును ఆ ఆఖరి మెట్ల గురించే అడగండి.